కూలికి పోయినోళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పనికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఒక రిజిస్టర్‌లో రోడ్డు ప్రమాదం, ఇంకో రిజిస్టర్‌లో క్షయ, మరోదాంట్లో కరెంటు షాకు. అందరినీ ఒక్కచోట చేర్చి ‘పని వల్ల పోయినవాళ్లు’ అని రాసుకునే పుస్తకం మాత్రం ఏ కలెక్టరేట్‌లోనూ లేదు.

2018 ఏప్రిల్ 6. నల్లగొండ జిల్లా పెద్ద అడిశర్లపల్లి మండలంలో మిరపకాయలు ఏరడానికి కూలీలను ఎక్కించుకుని పోతున్న ట్రాక్టర్ వద్దిపట్ల దగ్గర ఏఎమ్మార్పీ ఎత్తిపోతల కాలువలో పడింది. తండా నుంచి పొద్దున్నే సద్ది కట్టుకుని బయల్దేరిన వాళ్లలో తొమ్మిది మంది ఆ నీళ్లలోనే పోయారు. రెండున్నర నెలలు తిరిగాయో లేదో, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ శివారులో ఇంకో ట్రాక్టర్ మూసీ కాలువలోకి బోల్తా కొట్టింది. 15 మంది చనిపోయారు. ఒక పసిబిడ్డ తప్ప మిగతా అందరూ పొలం పనికి పోతున్న ఆడవాళ్లే.

మరుసటి ఏడాది ఆగస్టు 4న మహబూబ్‌నగర్ జిల్లా మిడ్జిల్ మండలం కొత్తపల్లి దగ్గర వ్యవసాయ కూలీల ఆటోను లారీ గుద్దింది. పది మందికి పైగా పోయారు. 2021 జనవరి 21న మళ్లీ పెద్ద అడిశర్లపల్లి మండలమే. అంగడిపేట క్రాస్‌రోడ్డు దగ్గర, పని ముగించుకుని చింతబావికి తిరిగొస్తున్న కూలీల ఆటో లారీ కింద నలిగిపోయింది. తొమ్మిది మంది. ఒకే మండలంలో, మూడేళ్లు నిండకముందే, రెండు ఘటనల్లో 18 మంది కూలీలు.

ఈ నాలుగు ప్రమాదాలు కలిపితే చనిపోయినవాళ్లు నలభై దాటారు. ఒక ఫ్యాక్టరీలో ఇంతమంది పోయి ఉంటే దేశమంతా ఆ ఫ్యాక్టరీ పేరు తెలిసేది. విచారణ కమిటీ పడేది, లైసెన్సు రద్దయ్యేది, ఏటా ఆ రోజున ఎవరో ఒకరు గేటు ముందు పూలదండ పెట్టేవాళ్లు. వీళ్ల పని స్థలానికి గేటు లేదు. అందుకే ఈ చావులు పోలీసు స్టేషన్‌లో రోడ్డు ప్రమాదాలుగా నమోదయ్యాయి. డ్రైవర్ అతివేగం, అజాగ్రత్త అని రాస్తే ఎఫ్‌ఐఆర్ పూర్తయినట్టే. పంచనామా కాగితంలో వయసు, కులం, వృత్తి, నివాసం అన్నీ ఉంటాయి. వృత్తి దగ్గర ‘కూలీ’ అని రాస్తారు. ఆ కూలీ ఆ పూట ఎక్కడికి పోతోందో, ఎవరి పనికి పోతోందో అడిగే గడి ఉండదు. ఆ ఒక్క గడి లేకపోవడం వల్లే ఇన్ని చావులు పని ఖాతాలో పడకుండా జారిపోయాయి.

పొద్దున ఏడింటికి

దేవరకొండ వైపు ఏ ఊళ్లోనైనా మిరపకాయ ఏరే కాలంలోనో పత్తి తీసే కాలంలోనో పొద్దున్నే నిలబడి చూస్తే సంగతి అర్థమవుతుంది. కూలీలను కూడగట్టేది చాలాచోట్ల ఊళ్లోని ఒక ఆడమనిషే. ముందు రోజు రాత్రే ఫోన్ వస్తుంది: రేపు ఫలానా ఊరికి ఇరవై మంది కావాలి. ఆమె ఇంటింటికీ చెప్పి వస్తుంది. తెల్లారేసరికి వంట చేసి, పిల్లలను లేపి, సద్ది గిన్నెకు గుడ్డ కట్టుకుని, తలకు తువ్వాల చుట్టుకుని అందరూ రోడ్డు మీదికి వస్తారు. రైతు పంపిన ట్రాక్టరో, తామే మాట్లాడుకున్న ఆటోనో వస్తుంది. ముగ్గురు కూర్చునే ఆటోలో పదిహేను మంది. ముందర డ్రైవర్‌కు రెండు పక్కలా ఇద్దరిద్దరు, వెనక డిక్కీలో కాళ్లు బయటికి వేలాడేసుకుని నలుగురు. ట్రాలీ అయితే పట్టుకోవడానికి పక్క రేకు తప్ప ఏమీ ఉండదు. బరువు మోసే ట్రాలీకి మనిషిని కాపాడే ఏర్పాటు ఒక్కటీ లేదు.

పదో ఇరవయ్యో కిలోమీటర్ల అవతల పని. మిరప తోటకు పొద్దెక్కకముందే దిగాలి, పత్తికైతే కిలోల లెక్కన కూలి గనుక ఎంత తొందరగా చేను చేరితే అంత కలిసొస్తుంది. ఆలస్యమైన ప్రతి నిమిషం కూలి డబ్బుల్లో కోతే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అది మంచి పథకం, వేలాది మందికి ఆసరా అయింది. అయితే బస్సు చేను గట్టు దాకా పోదు, ఏడింటికి తండాకు రాదు. కాబట్టి ట్రాలీయే గతి. ఆ ట్రాలీ పోయే దారి చాలాచోట్ల కాలువ కట్టే. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పొలాల లోతట్టు, నడుమ మట్టిబాట. మలుపుల్లో కూడా అడ్డుగోడ కనపడదు.

వాళ్లు ప్రమాదం తెలియక ఎక్కుతున్నారనుకుంటే పొరపాటు. అందరికీ తెలుసు. కాలువ దగ్గరికి వచ్చేసరికి ట్రాలీలో మాటలు ఆగిపోవడం గమనించినవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది. రెండు రోజులు ఎక్కకపోతే మూడో రోజు ఆ పేరు పిలుపులోంచి పోతుంది.

పోయాక ఇంకో కథ. ట్రాలీలో మనుషులను ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం గనుక మేం చెల్లించబోమని ఇన్సూరెన్స్ కంపెనీలు ట్రిబ్యునళ్లలో వాదిస్తాయి. ట్రాక్టర్ యజమాని దగ్గర ఉంటే ఆ ట్రాక్టరే ఉంటుంది, అదీ అప్పు మీద. మంత్రులు వచ్చి పరామర్శించి ప్రకటించే ఎక్స్‌గ్రేషియా ఒక్కటే చేతికి దక్కే ఆశ. అది కూడా ప్రమాదం పెద్దదైతేనే. తొమ్మిది మంది పోతే వార్త, మంత్రి, చెక్కు. ఒక్కామె ట్రాలీ మీంచి జారి చక్రం కింద పడితే జిల్లా పేజీలో మూడు లైన్లు.

లెక్క ఎలా పుడుతుంది?

దేశంలో పని ప్రమాదాలపై ఉన్న అధికారిక లెక్క ప్రధానంగా రిజిస్టరైన ఫ్యాక్టరీలది. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. 2025 నవంబర్‌లో కొత్త కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా, దాని 88వ సెక్షన్ ప్రకారం ఎవరైనా చనిపోయినా, దెబ్బతగిలి 48 గంటలో అంతకు మించో పనికి రాలేకపోయినా యాజమాన్యం ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సి ఉండేది. రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖలు పంపిన ఆ సమాచారాన్ని కేంద్రంలోని ఒక సంస్థ కూడబెడుతుంది. 2017 నుంచి 2020 వరకు ఏటా సగటున 1,100 పైచిలుకు మంది రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల్లో చనిపోయారని ఆ లెక్క చెప్తోంది. అంటే రోజుకు ముగ్గురు.

రోజుకు ముగ్గురన్నదే ఎంతో బాధాకరం. కానీ దేశంలో పనిచేసేవాళ్లు 50 కోట్లకు పైనే. రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల్లో ఉన్నది అందులో సుమారు రెండు కోట్లు. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం వ్యవసాయం మీద బతుకుతున్నవాళ్లు నూటికి 46 మంది. వీళ్లెవరికీ 88వ సెక్షన్ వర్తించలేదు. గనుల్లో పోయినవాళ్లు గనుల భద్రతా విభాగం పుస్తకంలో ఉంటారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి పోయిన రైతు విద్యుదాఘాతం కింద, పురుగుల మందు కొడుతూ కుప్పకూలినవాడు విషప్రభావం కింద, ఉపాధి పనిలో ఎండకు పడిపోయిన ముసలామె వడదెబ్బ కింద. కాలువలో పడిన ట్రాలీ రోడ్డు రవాణా శాఖ వార్షిక నివేదికలో చేరుతుంది. అందులో ఏ బండి, ఏ రోడ్డు, ఏ వయసు అన్న వివరాలుంటాయి. పనికి పోతూనా, పెళ్లికి పోతూనా అన్నది ఉండదు.

అమెరికాలో 1992 నుంచి పనిలో చనిపోయిన ప్రతి ఒక్కరినీ విడిగా లెక్కిస్తున్నారు. మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, పత్రికా వార్త, పరిహారం ఫైలు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోల్చి మరీ పేరు ఎక్కిస్తారు. సొంత పొలం దున్నుకునే రైతు కూడా అందులో ఉంటాడు. 2023లో ఆ సంఖ్య 5,283. అందులో 1,942 మంది రవాణా ప్రమాదాల్లో పోయారు. యంత్రాల వల్ల కాదు, పేలుళ్ల వల్ల కాదు, అన్నిటికంటే ఎక్కువ మందిని మింగింది బండి ప్రయాణమేనని అక్కడ తేలింది. ఇంటి నుంచి పనికి పోయే దారిలో జరిగినవి అందులో కలపకుండానే ఈ మాట. జర్మనీ ఇంకో అడుగు ముందుంది. పనికి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని కార్మిక బీమా కిందికి 1925లోనే తెచ్చుకుంది. వందేళ్లు అయింది. అక్కడ ఆ ప్రమాదాలకు వేరే పేరు, వేరే పద్దు ఉన్నాయి.

మన దగ్గర అలాంటి పద్దు పెడితే నల్లగొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాల్లో మొదటి వరసలో ఏముంటుంది? ఫ్యాక్టరీలు ఉండవనే నా నమ్మకం. ట్రాక్టర్ ట్రాలీ, ఆటో ఉంటాయి.

పైసలున్న చోటే పద్దు

ప్రభుత్వానికి లెక్కపెట్టడం చేతకాక కాదు. పరిహారం ఇవ్వాలని నిర్ణయం జరిగిన ప్రతిచోటా లెక్క దానంతట అదే పుట్టింది.

2004 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబర్ జీవో ఇచ్చింది. రైతు ఆత్మహత్య జరిగితే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో కమిటీ వెళ్లి నిర్ధారించాలన్నది అందులోని ఏర్పాటు. ఆ కమిటీల తీర్పుల మీద ఎన్ని గొడవలు ఉన్నా, కౌలురైతుల పేర్లు ఎన్ని గల్లంతైనా, ఒక చావు వెనక కారణం ఏమిటని ఊరికి పోయి అడిగే పద్ధతి మొదలైంది. 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఎల్ఐసీ ద్వారా ఐదు లక్షలు. లక్షకు పైగా కుటుంబాలకు ఆ డబ్బు చేరింది. పాసుపుస్తకం లేని కూలీ మాత్రం ఆ గీతకు అవతలే ఉండిపోయింది. ఒకే ట్రాలీ బోల్తా పడితే రెండెకరాల పట్టా ఉన్నామెకు ఐదు లక్షలు, పక్కన కూర్చున్న భూమిలేనామెకు ఏమీ లేదు.

గీత కార్మికుల విషయం చూడండి. నల్లగొండ తాటివనాల జిల్లా. మోకు, ముత్తాదు తప్ప ఇంకో ఆసరా లేకుండా అరవై అడుగుల చెట్టెక్కి, లొట్టి దింపుకుని రావడం వాళ్ల రోజువారీ పని. పట్టు తప్పితే చావు, బతికితే నడుం విరిగి మంచానికి అతుక్కుపోవడం. ఎక్స్‌గ్రేషియా అడిగి సాధించుకున్నారు కాబట్టే వాళ్ల చావులు ఒక శాఖ ఫైలులోకి ఎక్కాయి. ఫైలులోకి ఎక్కాయి కాబట్టే ఏటా ఇంతమంది పడిపోతున్నారన్న సంగతి సర్కారు కంట్లో పడింది. 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షా కవచం’ పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. కొండలెక్కేవాళ్లు వాడే తరహా తాళ్లు, పట్టీలతో తయారైన కిట్ అది. జారినా మనిషి చెట్టుకే వేలాడి ఉంటాడు, కింద పడడు. తాళ్లు ఎక్కడానికి అడ్డం వస్తున్నాయని కొందరు ఇంకా పాత మోకుతోనే ఎక్కుతున్నారు, అలవాటు కావడానికి సమయం పడుతుంది. కానీ దారి చూడండి: ముందు పరిహారం, దాంతో పద్దు, పద్దు చూశాక నివారణ. ట్రాలీ కూలీ ఈ దారిలో మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

కృష్ణ ఒడ్డున

ఏఎమ్మార్పీ కాలువ ఎందుకుందో తెలిస్తే ఈ కథ ఇంకో వైపు కూడా తిరుగుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం ఎప్పటికీ పూర్తికాకపోవడంతో నల్లగొండకు నీళ్లివ్వడానికి నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి, పుట్టంగండి దగ్గర, ఎత్తిపోతల పెట్టారు. అదే ఏఎమ్మార్పీ. సొరంగం పని మళ్లీ మొదలైన కొద్ది రోజులకే, 2025 ఫిబ్రవరి 22 పొద్దున, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర లోపల 14 కిలోమీటర్ల దూరాన పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకున్నారు. సైన్యం, నేవీ, సింగరేణి, కేరళ పోలీసు జాగిలాలు, ఉత్తరాఖండ్‌లో ఇంకో సొరంగం నుంచి 41 మందిని బయటికి తీసిన ర్యాట్ హోల్ మైనర్లు, అందరూ వచ్చారు. మార్చిలో రెండు మృతదేహాలు దొరికాయి. మిగతా ఆరుగురిని ఆ బురద, ఆ ఇనుము ఇవ్వలేదు. చనిపోయినవాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు.

ఆ పరిసరాల్లోనే, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి తొమ్మిది మంది ఇంజనీర్లు, సిబ్బంది పొగలో ఊపిరాడక చనిపోయారు. 2022 జూలై ఆఖర్లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పంపుహౌస్ పనుల్లో, కొల్లాపూర్ మండలం రేగుమానుగడ్డ దగ్గర, క్రేన్ వైరు తెగి ఐదుగురు కూలీలు చనిపోయారు. ఐదేళ్లు తిరగకుండా ఒక్క నాగర్‌కర్నూల్ జిల్లాలోనే మూడు దుర్ఘటనలు, 22 మంది. నీళ్ల కోసం, కరెంటు కోసం ఈ మెట్ట నేల చెల్లించుకుంటున్న మూల్యంలో ఇదీ ఒకటి. ప్రాజెక్టుల ఖర్చు కోట్లలో ప్రకటించే శిలాఫలకాల మీద దీనికి చోటు ఉండాలి.

పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ఆనకట్టలు కట్టే చోటల్లా ఒకప్పుడు వినిపించేది. కరువు తరిమితే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో లారీలెక్కి, ఏ రాష్ట్రమో కూడా సరిగ్గా తెలియని చోటికి పోయి మట్టి తవ్వారు, రాళ్లు మోశారు, సొరంగాలు తొలిచారు. అక్కడ పోయినవాళ్లలో చాలామందికి అక్కడే మట్టి. ఊరికి తిరిగొచ్చింది మేస్త్రీ తెచ్చిన కబురు, కొన్ని నోట్లు. ఎంతమంది పోయారో ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు జార్ఖండ్ నుంచి, బిహార్ నుంచి, ఒడిశా నుంచి పాలమూరు నేల మీదికి వచ్చి ఆ పని చేస్తున్నారు. ఆ ఊళ్లలో ఇప్పుడు అదే కబురు, అవే నోట్లు. ఆ బాధ ఎలా ఉంటుందో ఈ జిల్లాలకు చెప్పనక్కరలేదు. తమ గడ్డ మీద పనిచేయడానికి వచ్చినవాళ్ల పేర్లు రాసి పెట్టుకోవలసిన బాధ్యత ముందుగా తెలిసిరావలసింది కూడా ఇక్కడే.

ఫ్యాక్టరీ లోపల కూడా పేర్లు సరిగా లేవు. 2025 ఏప్రిల్ 29న మోటకొండూరు మండలం కాటేపల్లిలోని పేలుడు పదార్థాల కర్మాగారంలో ముగ్గురు పోయారు. రెండు నెలలకు, జూన్ 30న, సంగారెడ్డి జిల్లా పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో పోయినవాళ్లు 54 మంది. అందులో ఎనిమిది మంది ఆనవాలు కూడా దొరకలేదు. ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారో తేల్చడానికే రోజులు పట్టింది. కుటుంబాలు ఫొటోలు పట్టుకుని గేటు దగ్గర, దవాఖానల దగ్గర తిరిగాయి. రక్తం ఇచ్చి డీఎన్ఏ పరీక్షల కోసం ఎదురుచూశాయి. కాంట్రాక్టర్ చేతిలో హాజరు ఉన్నంతకాలం, లెక్క ఉండవలసిన చోట కూడా ఇదే పరిస్థితి.

నెమ్మదిగా వచ్చే చావు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 29 లక్షల మందికి పైగా పని కారణంగా చనిపోతున్నారు. వాళ్లలో ప్రమాదాల్లో పోతున్నది సుమారు 3 లక్షల 30 వేలు. మిగతా 26 లక్షల మంది జబ్బులతో పోతున్నారు. అంటే ప్రమాదంలో ఒకరు పోతే, పని తెచ్చిన జబ్బుతో ఏడెనిమిది మంది. మనం ఇంతసేపూ మాట్లాడుకున్నది ఆ ఒక్కరి గురించే.

షాద్‌నగర్ చుట్టుపక్కల పలుగురాయిని పొడి చేసే మిల్లుల్లో పనిచేసినవాళ్లను అడిగితే మిగతా ఏడెనిమిది మంది కనిపిస్తారు. తెల్లటి పొడి, పిండికన్నా మెత్తన. ముక్కుకు కట్టుకున్న తువ్వాల దాన్ని ఆపదు. ఆ సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది, ఆ మచ్చలు గట్టిపడి ఊపిరి పీల్చుకునే చోటు తగ్గిపోతూ వస్తుంది. అదే సిలికోసిస్. మందు లేదు. ధూళి తక్కువైతే పదిహేను, ఇరవై ఏళ్లకు బయటపడుతుంది, ఎక్కువైతే నాలుగైదేళ్లకే. అప్పటికి ఆ మనిషి ఆ మిల్లు మానేసి ఉంటాడు, మిల్లు మూతపడి కూడా ఉండొచ్చు. ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం చూసి దవాఖానలో టీబీ అని రాస్తారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువే కాబట్టి ఆ రాత పూర్తిగా తప్పూ కాదు. ఆరు నెలలు మందులు మింగుతారు, తగ్గదు, మళ్లీ మింగుతారు. చివరికి మరణ కారణం దగ్గర క్షయ. కంకర క్రషర్లలో, బావుల్లో బండ పగలగొట్టడంలో, సొరంగాల్లో బతుకు అరగదీసుకున్న పాలమూరు లేబర్‌లో ఎందరు ఇలా టీబీ పేరుతో పోయారో ఊహించడానికే భయమేస్తుంది.

ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ సిలికోసిస్‌ను ప్రకటించి తీరవలసిన జబ్బుల్లో చేర్చింది. గుర్తించిన డాక్టర్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయాలి. రాయాలంటే ముందు అడగాలి: ఏం పని చేస్తావు, ఇంతకు ముందు ఏం చేశావు? రోజుకు వంద మందికి పైగా రోగులను చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ ప్రశ్న అడిగే తీరిక డాక్టర్‌కు లేదు, ఓపీ చీటీలో ఆ గడీ లేదు. మరణ కారణాలను నమోదు చేయడానికి ప్రపంచమంతా వాడే వ్యాధుల కోడ్ పుస్తకంలో ‘పనికి సంబంధించిన పరిస్థితి’ అన్నదానికి వై96 అని ఒక సంకేతం ఉంది. ఉంది గానీ వాడేవాళ్లు లేరు.

రాజస్థాన్ 2019లో సిలికోసిస్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది. జబ్బు నిర్ధారణ అయితే మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో రెండు లక్షలు. ఎక్కడ పనిచేశావు, యజమాని ఎవరని నిలదీయకుండా, ఛాతీ ఎక్స్‌రే చూసి బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. అలా పరిహారం ఇస్తున్న చోట రోగులు వేలల్లో నమోదయ్యారు. జబ్బు కొత్తగా పుట్టలేదు, పద్దు కొత్తగా పుట్టింది.

చట్టం ఎంతవరకు వచ్చింది?

దారిలో పోయిన ప్రాణం పనిలో పోయినట్టేనా అన్న ప్రశ్నకు 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టమైన జవాబు ఇచ్చింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003లో డ్యూటీకి పోతూ దారిలో ప్రమాదానికి గురై చనిపోయాడు. ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం రుజువైతే దాన్ని ఉద్యోగంలో భాగంగా జరిగిన ప్రమాదంగానే చూడాలని కోర్టు తేల్చింది. కుటుంబం 22 ఏళ్లు ఎదురుచూసింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఇంటికీ పనికీ నడుమ జరిగే ప్రమాదాన్ని పరిహారం కిందికి తెచ్చే మాట ఉంది.

ఆ కోడ్ రాకముందు అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో ట్రాక్టర్లు, యంత్రాలతో సాగే వ్యవసాయ పని కూడా ఉండేది. ఆ చట్టం సూత్రం ప్రకారం నెలకు 15 వేలు సంపాదించే 40 ఏళ్ల మనిషి చనిపోతే కుటుంబానికి రావలసింది 13 లక్షల 81 వేల పైచిలుకు. కానీ ఎవరు ఇవ్వాలి? యజమాని ఇవ్వాలి. ఐదెకరాల మిరప తోట వేసి, పెట్టుబడికి అప్పు తెచ్చి, ఇరవై మంది కూలీలను పిలిచిన రైతు ఇక్కడ యజమాని. తొమ్మిది మందికి పరిహారం అతని మీద వేస్తే పదో చావు అతనిదే అవుతుంది. కాబట్టి చట్టంలో హక్కు ఉందని చెప్పి చేతులు దులుపుకోవడం అన్యాయం. రైతుకు బీమా ప్రీమియం కట్టిన ప్రభుత్వమే కూలీకీ కట్టాలి. వేరే దారి నాకు కనిపించడం లేదు.

అందుకు పేర్లు వెతుక్కోనక్కరలేదు. 2025 జనవరిలో మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కోసం భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబాల జాబితాలు తయారయ్యాయి. ఉపాధి హామీ జాబ్ కార్డులున్నాయి. ఈ-శ్రమ్‌లో దేశం మొత్తం మీద 30 కోట్ల పైన పేర్లున్నాయి. బతికున్నవాళ్ల జాబితాలన్నీ సర్కారు దగ్గర ఉన్నాయి.

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట కలెక్టర్లకు ఈ కథనం చేస్తున్న విన్నపం ఇది. పంచనామాలో ఒక గడి పెట్టించండి: ‘పనికి పోతూ గానీ, పనిలో గానీ, పని నుంచి వస్తూ గానీ జరిగిందా?’ దవాఖాన చీటీలో ఒక గడి పెట్టించండి: ‘ఏం పని, ఎన్నేళ్లు?’ ఆ రెండు గడుల్లో పడిన పేర్లను నెలకోసారి ఒకే రిజిస్టర్‌లోకి ఎక్కించి జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టండి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద బడ్జెటూ అక్కరలేదు. మిరప, పత్తి ఏరే నాలుగు నెలలపాటు కూలీలు ఎక్కువగా పోయే దారుల్లో పొద్దున ఆరున్నరకు ఒక బస్సు, కాలువ కట్ట మలుపుల్లో అడ్డుగోడలు వేయించండి.

మీ ఊళ్లో పనికి పోయి తిరిగిరాని మనిషి ఉంటే, ఆ చావు కాగితంలో ఏమని రాశారో ఒకసారి అడిగి చూడండి. రోడ్డు ప్రమాదమనో టీబీ అనో మాత్రమే ఉంటే, వచ్చే గ్రామసభలో లేచి నిలబడి ఆ పేరు చెప్పండి, తీర్మానం పుస్తకంలో రాయమని పట్టుబట్టండి.